మనసు చదివినా కేసు నిలబడదు: టెలిపతి, స్పేస్ స్టేషన్, డిటెక్టివ్ నవల

డిటెక్టివ్ నవల నడిచేది ఒకే ఒక్క లోటు మీద. హంతకుడికి తెలిసిన సంగతి డిటెక్టివ్‌కు తెలియదు. రెండు మూడు వందల పేజీలు ఆ లోటు చుట్టూనే తిరుగుతాయి. అలాంటి కథలోకి ఎదుటివాడి మనసులో మాట వినగలిగే మనిషిని తెచ్చి కూర్చోబెడితే? అనుమానితుల్ని వరసగా పిలిచి ఒక్కొక్కరి ముందు ఒక నిమిషం కూర్చుంటే సరి, రెండో చాప్టర్ అవసరమే ఉండదు. అయినా ఈ రకం నవలలు 70 ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. వాటిలో కొన్ని మామూలు డిటెక్టివ్ నవలలకన్నా గట్టిగా నిలబడ్డాయి కూడా.

ఇంకో విశేషం, వీటిలో చాలా కథలు అంతరిక్ష కేంద్రాల్లోనో, గ్రహాల మధ్య తిరిగే ఓడల్లోనో జరుగుతాయి. మనసులు చదివే ఆ శక్తికి, అంటే టెలిపతికీ స్పేస్ స్టేషన్‌కూ పైకి ఏ సంబంధమూ కనిపించదు. కథ కట్టే పనిలో మాత్రం ఒకదాని అవసరం ఇంకోదానికి ఉంది. మనసు చదివేవాడు నేరస్థుడు ఎవరో చెప్పేస్తాడు, రుజువు మాత్రం తేలేడు. రుజువు వెతకడానికి స్పేస్ స్టేషన్‌ను మించిన చోటు లేదు. అక్కడ పీల్చే గాలికి కూడా లెక్క ఉంటుంది మరి.

ఇలాంటి కథ అసలు కుదరదన్న వాదన చాలా పాతది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత, వృత్తిరీత్యా క్రైస్తవ మతగురువు, డిటెక్టివ్ కథలకు 10 సూత్రాలు రాసిపెట్టాడు. అతీంద్రియ శక్తుల ఊసే ఎత్తకూడదని ఒక సూత్రం. కారణం చెప్పలేని స్ఫురణతో డిటెక్టివ్ కేసు తేల్చకూడదని ఇంకొకటి. టెలిపతి వచ్చిందంటే రెండూ ఒకేసారి గాలికి పోతాయి. అమెరికాలో సైన్స్ ఫిక్షన్ పత్రికను దశాబ్దాలపాటు నడిపిన ఎడిటర్ జాన్ క్యాంప్‌బెల్ కూడా సైన్స్ ఫిక్షన్‌లో డిటెక్టివ్ కథ పొసగదనేవాడు. ఆయన భయం ఇది: పాఠకుడు ఎన్నడూ వినని యంత్రం ఒకటి చివరి పేజీలో డిటెక్టివ్ జేబులోంచి బయటికొస్తే, అప్పటిదాకా బుర్ర బద్దలుకొట్టుకున్న పాఠకుడి గతేంటి?

సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ ఆ మాటకు జవాబుగా ఒక పోలీసు డిటెక్టివ్‌కు రోబోను జోడీగా పెట్టి 'ద కేవ్స్ ఆఫ్ స్టీల్' రాశాడు. 1953లో గెలాక్సీ పత్రికలో సీరియల్‌గా, 1954లో పుస్తకంగా వచ్చింది. రోబో ఏం చేయగలదో, ఏం చేయలేదో అందులో ముందే చెప్పేస్తాడు. తర్వాత ఆ గీత దాటడు. టెలిపతి నవలకైనా ఇదే షరతు. ఎంత దూరం వినగలడు, గోడ అడ్డొస్తే ఏమవుతుంది, నిద్రపోతున్నవాడి మనసు వినిపిస్తుందా, తనను వింటున్నారని ఎదుటివాడికి తెలుస్తుందా? హత్య జరిగేలోపే పాఠకుడికి ఇవన్నీ తెలిసుండాలి. శవం లేచాక కొత్త శక్తి పుట్టుకొస్తే అది మోసమే.

ఈ షరతుకు పూర్తిగా కట్టుబడి రాసిన తొలి గొప్ప నవల ఆల్ఫ్రెడ్ బెస్టర్ 'ద డిమాలిష్డ్ మ్యాన్'. ఇదీ గెలాక్సీలోనే, 1952 జనవరి నుంచి మార్చి దాకా సీరియల్‌గా వచ్చింది. 1953లో సైన్స్ ఫిక్షన్‌కు మొట్టమొదటి హ్యూగో అవార్డులు ఇచ్చినప్పుడు ఉత్తమ నవల బహుమతి దీనికే దక్కింది. కథాకాలం 24వ శతాబ్దం. మనసు చదివేవాళ్లు డాక్టర్లుగా, లాయర్లుగా, పోలీసులుగా ఎక్కడ చూసినా ఉన్నారు. పథకం వేసుకుని హత్య చేసి తప్పించుకోవడమనేది 70 ఏళ్లకు పైగా ఎవరి వల్లా కాలేదు. అలాంటి లోకంలో బెన్ రైక్ అనే పెద్ద వ్యాపారి తన పోటీదారును చంపాలని నిశ్చయించుకుంటాడు.

రైక్‌కు మొదటి టెన్షన్ తుపాకీ గురించి కాదు, తన తల గురించి. చంపాలన్న ఆలోచన తలలో ఉన్నంతసేపూ దారిన పోయే ఏ టెలిపాత్ అయినా వినేయవచ్చు. అందుకని ప్రకటనలకు పాటలు కట్టే ఒకామె దగ్గరికి వెళ్లి, ఒక్కసారి వింటే వదలని పాట ఒకటి వినిపించమంటాడు. ఆ చరణం తలలో గిర్రున తిరుగుతున్నంతసేపూ దాని వెనకున్న ఆలోచన ఎవరికీ అందదు. పొద్దున ఆటోలో చెవిన పడ్డ పాట రాత్రిదాకా వదలకపోవడం ఎంత చికాకో అందరికీ తెలుసు. బెస్టర్ ఆ చికాకునే హంతకుడికి కవచంగా తొడిగాడు. 70 ఏళ్లు గడిచినా టెలిపతి కథల్లో దీన్ని మించిన ఎత్తుగడ దొరకడం కష్టం.

ఇక డిటెక్టివ్ లింకన్ పావెల్ మొదటి శ్రేణి టెలిపాత్. హంతకుడెవరో అతనికి చాలా తొందరగానే తెలిసిపోతుంది. కథ అక్కడే చప్పబడకుండా బెస్టర్ చట్టాన్ని అడ్డం పెట్టాడు. మనసులో చదివింది సాక్ష్యంగా చెల్లదు. కేసు ముందుకు పోవాలంటే ప్రాసిక్యూషన్ కంప్యూటర్ ఒకటి ఒప్పుకోవాలి. దానికి ఉద్దేశం, పద్ధతి, అవకాశం, మూడింటికీ చేత్తో పట్టుకుని చూపించగల ఆధారాలు కావాలి. గాయం ఉంది, తూటా కనపడదు. సాక్షి ఉంది, నోరు విప్పే స్థితిలో లేదు. పావెల్ ఒక్కొక్కటే కూడగట్టుకొస్తాడు. వేట ఒక దశలో అంతరిక్షంలోని విహార కేంద్రం దాకా పోతుంది. తీరా అంతా పోగయ్యాక కంప్యూటర్ ఉద్దేశం దగ్గర కేసు కొట్టేస్తుంది. ఎందుకో మొత్తం చెబితే చదవబోయేవాళ్లకు అన్యాయం చేసినట్టు. ఇంతవరకు చెప్పవచ్చు: తాను ఎందుకు చంపాడో రైక్‌కే సరిగ్గా తెలియదు. అతనికే తెలియని సంగతి అతని తలలోంచి ఎవరు చదవగలరు?

ఈ తరహా నవలలకు కీలు ఇక్కడే ఉంది. టెలిపాత్ వినేది నిజాన్ని కాదు, ఎదుటివాడు నిజమని నమ్ముతున్నదాన్ని. తన వల్లే చనిపోయాడని కుమిలిపోతున్న అమాయకుడి మనసులో నేరం గట్టిగా వినిపిస్తుంది. తాను చేసింది హత్యే కాదని తనకు తాను నచ్చజెప్పుకున్నవాడి మనసులో ఏమీ వినిపించదు. పైగా మనసులో ఆలోచన పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలంలా వరసగా ఉండదు. "వీణ్ని చంపేస్తే పీడా పోతుంది" అని నెలకోసారైనా అనుకోని ఉద్యోగి ఏ ఆఫీసులో ఉంటాడు? పైకి "సార్, మీరు చెప్పినట్టే చేద్దాం" అంటాడు, లోపల "వీడి తెలివి తెల్లారినట్టే ఉంది" అనుకుంటాడు. మనసు వినేవాడికి ఆ ఆఫీసంతా హంతకులే. ఈ రెండు గొంతుల మధ్య తేడాలో తెలుగు నవలాకారుడికి బోలెడంత సరుకు ఉంది. ఎవరిని ఎవరు లోపల ఏమని పిలుచుకుంటున్నారన్నదే ఒక క్లూ అవుతుంది.

వినేవాడి నిజాయితీ ఇంకో చిక్కు. అసిమోవ్ 1941లో రాసిన 'లయర్!' కథలో తయారీలో ఏదో తేడా వచ్చి ఒక రోబోకు మనసులు చదివే శక్తి అబ్బుతుంది. మనుషులకు హాని చేయకూడదన్నది దానికి పెట్టిన మొదటి నియమం. మనసు నొచ్చుకోవడమూ హానే కదా? అందుకని ఎవరు ఏం వినాలనుకుంటే వాళ్లకు అదే చెబుతుంది. అందరి మనసులూ తెలిసిన ఆ ఒక్క సాక్షే అబద్ధాల పుట్ట. చిన్న కథే గానీ, టెలిపాత్ చెప్పిందల్లా వేదవాక్కుగా రాసేవాళ్లంతా ముందు చదవాల్సింది.

బెస్టర్ ఊహించిన చట్టం మన పాఠకుడికి వింతగా తోచనక్కర్లేదు. దాదాపు అదే సూత్రం మన కోర్టుల్లో 1872 నుంచి ఉంది. ఆ ఏడాది వచ్చిన సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. 27వ సెక్షన్ ఒక్క సందు మాత్రం వదిలింది. కస్టడీలో ఉన్న నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, దానికి నేరుగా సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లుతుంది. "నేనే పొడిచా, కత్తి చెరువు గట్టున పూడ్చిపెట్టా" అన్నాడనుకుందాం. గట్టున తవ్వితే కత్తి దొరికింది. అప్పుడు కోర్టు రెండో సగమే వింటుంది, మొదటి సగాన్ని పక్కన పెడుతుంది. హనుమకొండ కోర్టు ఆవరణలో ఏ జూనియర్ లాయర్‌ను కదిలించినా ఈ తేడా చెబుతారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఈ రెండూ 23వ సెక్షన్ కిందికి చేరాయి.

2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇంకా దగ్గరి ఉదాహరణ. మత్తు సూది గుచ్చి మాట్లాడించే నార్కో పరీక్ష, అబద్ధం పట్టే పాలిగ్రాఫ్, తలకు వైర్లు తగిలించి చేసే బ్రెయిన్ మ్యాపింగ్, ఈ మూడింటినీ మనిషి ఇష్టానికి వ్యతిరేకంగా చేయకూడదంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదన్న రాజ్యాంగం 20(3) అధికరణ, జీవించే హక్కును చెప్పే 21వ అధికరణ దీనికి ఆధారం. ఇష్టపడి పరీక్ష చేయించుకున్నా ఫలితమే సాక్ష్యం కాదు. దాని సాయంతో తర్వాత దొరికిన వస్తువుకు మాత్రం విలువ ఉండొచ్చు. అంటే ఇండియాలో టెలిపాత్ డిటెక్టివ్ చేయగలిగింది ఎక్కడ తవ్వాలో చెప్పడం వరకే. తెలుగులో ఈ రకం నవల రాసేవాళ్లకు 24వ శతాబ్దపు కంప్యూటర్‌తో పని లేదు, ఈ తీర్పు ఒక్కటి చాలు. కోర్టు సీను కూడా సిద్ధంగా ఉంది. టెలిపాత్ సూది గుచ్చడు, తలకు వైర్లు తగిలించడు. ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతూ వింటాడంతే. అది బలవంతం కిందికి వస్తుందా, రాదా?

టెలిపతి సైన్సా అంటే, కాదు. ఈ నవలల పుట్టుకకు మాత్రం సైన్స్ పేరుతో జరిగిన ప్రయత్నాలే ఆధారం. 1930లలో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ 5 రకాల గుర్తులున్న 25 కార్డులతో పరీక్షలు చేశాడు. గుడ్డిగా చెప్పినా సగటున 5 సరిపోతాయి. తన దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరు అంతకన్నా బాగా చెప్పారని ప్రకటించాడు. వేరే ల్యాబుల్లో అవి నిలబడలేదు. డిటెక్టివ్ కథ పొసగదన్న క్యాంప్‌బెల్ ఈ పరీక్షలకు వీరాభిమాని కావడం, ఆయన పత్రిక నిండా మనోశక్తుల కథలు రావడం చరిత్రలోని చిన్న తమాషా. 1971లో అపోలో 14లో చంద్రుడి మీదికి వెళ్లిన ఎడ్గార్ మిచెల్ ఏకంగా దారిలోనే ఇలాంటి గుర్తులతో సొంతంగా టెలిపతి ప్రయోగం చేశాడు. వాతావరణం బాగాలేక రాకెట్ 40 నిమిషాలు ఆలస్యంగా లేచింది. దాంతో భూమి మీద గుర్తుల్ని అందుకోవాల్సినవాళ్ల టైమ్ టేబుల్, ఆయన టైమ్ టేబుల్ తప్పాయి. నవలలో రాస్తే అతి అనిపించే సంఘటన ఇది.

ఈ మధ్య వచ్చిన పని మాత్రం నిజమైన సైన్స్. 2023లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ పరిశోధకులు, మెదడులో రక్తప్రసరణను చూపే స్కానర్ సాయంతో, మనిషి వింటున్న కథ సారాంశాన్ని మాటల్లోకి మార్చే పద్ధతి ప్రచురించారు. పదం పదం రాదు, భావం వస్తుంది, అదీ కొంతమేరకే. దానికోసం ఒక్కో మనిషీ దాదాపు 16 గంటలు స్కానర్‌లో పడుకుని కథలు వినాల్సి వచ్చింది. ఒకరి మీద తర్ఫీదు పొందిన యంత్రం ఇంకొకరి మీద పనిచేయలేదు. అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి: లోపల జంతువుల పేర్లు తలచుకున్నా, తమకు తాము వేరే కథ చెప్పుకున్నా యంత్రం తికమకపడింది. బెన్ రైక్ ఎత్తుగడ 71 ఏళ్ల తర్వాత ల్యాబులో పనిచేసిందన్నమాట.

ఇక రెండో సగం, స్పేస్ స్టేషన్. ఇక్కడ నవలలకన్నా నిజం ముందుంది. 2018 ఆగస్టు 29 రాత్రి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గాలి పీడనం కొద్దికొద్దిగా తగ్గుతోందని భూమి మీది కంట్రోల్ రూముల్లో గమనించారు. లోపల ఆరుగురు నిద్రలో ఉన్నారు. ప్రాణాపాయం వెంటనే లేదు కాబట్టి లేపలేదు. తెల్లారాక ఆరుగురూ ఒక్కో గది తలుపు మూసుకుంటూ, ఏ గది మూస్తే పీడనం ఎలా ఉంటుందో చూసుకుంటూ వచ్చారు. చివరికి తేలింది, లీకు స్టేషన్‌లో కాదు, దానికి తగిలించి ఉన్న సోయజ్ ఎంఎస్-09 అనే రష్యా నౌకలో. నౌక ముందు గదిలో దాదాపు 2 మిల్లీమీటర్ల రంధ్రం. చుట్టూ డ్రిల్లు బిట్ జారిన గీతలు. ఎపాక్సీ జిగురు, గాజుగుడ్డతో పూడ్చారు. ఉల్కాశకలం కాదు, మనిషి చేతి పనేనని రష్యా అంతరిక్ష సంస్థ అధిపతే అన్నాడు. ఆ చెయ్యి ఫ్యాక్టరీలోదా, స్టేషన్‌లోదా?

మూసిన గదిలో నేరం రాయాలనుకున్నవాడు ఇంతకన్నా బాగా కట్టలేడు. మామూలు కథలో లేని మెలిక ఒకటి ఇక్కడ అదనం. సోయజ్ తిరిగొచ్చేటప్పుడు రంధ్రం ఉన్న ఆ ముందు గది విడిపోయి వాతావరణంలో కాలిపోతుంది. అంటే ఘటనా స్థలం బూడిద కావడానికి ముహూర్తం పెట్టి ఉంది. అందుకే డిసెంబర్ 11న ఒలెగ్ కొనొనెంకో, సెర్గీ ప్రొకోప్యెవ్ అనే ఇద్దరు వ్యోమగాములు బయటికి వెళ్లి, 7 గంటల 45 నిమిషాలు శూన్యంలో ఉండి, నౌక మీది రక్షణ పొరల్ని కోసి, రంధ్రం బయటివైపు నమూనాలు తీశారు. డిసెంబర్ 20న ప్రొకోప్యెవ్ ఇద్దరు సహచరులతో అదే నౌకలో భూమికి దిగాడు. 2021లో రష్యా వార్తాసంస్థ ఒకటి వేలు అమెరికా వైపు చూపించింది, నాసా ఆ ఆరోపణను కొట్టిపారేసింది.

ఆ ఆరుగురి మధ్య ఒక టెలిపాత్ ఉంటే ఏమయ్యేది? తప్పు చేసిన చెయ్యి ఫ్యాక్టరీలోదైతే అతనికి ఆరు అమాయకమైన మనసులు మాత్రమే వినిపించేవి, రంధ్రం మాత్రం అలాగే ఉండేది. టెలిపతికి దూరం హద్దు ఎందుకు పెట్టాలో దీన్నిబట్టి అర్థమవుతుంది. రంధ్రం అంచు, బిట్ జారిన గీత, పొరల కింద అంటుకున్న మరక, వీటికి మాత్రం ఆ హద్దు లేదు.

స్పేస్ స్టేషన్ అనగానే హాలీవుడ్ సెట్టింగ్ గుర్తొస్తుంది గానీ, ఉత్తర తెలంగాణలో దానికి దగ్గరి పోలిక పక్కనే ఉంది. భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో భూగర్భ బొగ్గుబాయి. షిఫ్టుకు వచ్చిన కార్మికుడు మస్టర్ వేయించుకోవాలి, ల్యాంప్ రూములో తన క్యాప్‌ల్యాంప్ తీసుకోవాలి, ఆ తర్వాతే దిగాలి. షిఫ్టు అయిపోయాక ర్యాకులో ఒక ల్యాంప్ తిరిగి రాలేదంటే కింద ఒక మనిషి మిగిలాడని లెక్క. లోపలికి పోయే గాలికి ఒక దారి, బయటికొచ్చే గాలికి ఇంకో దారి. రెండూ కలవకుండా మధ్యలో జంట తలుపులుంటాయి, ఒకటి మూశాకే రెండోది తెరవాలి. స్టేషన్‌లోని ఎయిర్‌లాక్ సూత్రమూ ఇదే. తిరిగొచ్చే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ పెరిగిందా అని కొలుస్తారు. పెరిగితే ఎక్కడో కంటికి కనపడని చోట బొగ్గు లోలోపల రాజుకుంటోందని అర్థం. గాలిని అడిగి సంగతి రాబట్టడం సింగరేణిలో రోజూ జరిగే పనే. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైన ప్రాంతంలో, స్పేస్ స్టేషన్ డిటెక్టివ్ నవల రాయడానికి కావాల్సిన అనుభవం ఇంటింటా ఉంది. మూడో షిఫ్టులో మూసుకున్న చోట మనుషులు ఒకరి మీద ఒకరు ఎంత ఆధారపడతారో, ఎంత విసుక్కుంటారో కాలిఫోర్నియా రచయితకన్నా మందమర్రి కార్మికుడి కొడుక్కే బాగా తెలుస్తుంది.

స్టేషన్‌లో గాలి చెప్పే సంగతులు బాయిలోకన్నా ఎక్కువ. మనిషి రోజుకు సుమారు 1 కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఒక గదిలో రాత్రంతా ఇద్దరున్నామని చెప్పినవాళ్ల మాట నిజమో కాదో ఆ గది లెక్క చూస్తే తెలిసిపోతుంది. బరువు తెలియని చోట వేడిగాలి పైకి లేవదు. ఫ్యాన్ ఆగితే నిద్రపోతున్న మనిషి ముఖం చుట్టూ అతను వదిలిన గాలే మూగుతుంది. అంటే ఒక స్విచ్ చాలు, ఆయుధం అక్కర్లేదు. నెత్తురు కింద కారదు, గుండ్రటి బొట్లుగా తేలి గోడలకు అంటుకుంటుంది. చేతిలోంచి జారిన వస్తువు నేల మీద పడదు, గాలి ప్రవాహం వెంట మెల్లగా కదిలి ఎయిర్ ఫిల్టర్ జాలీ దగ్గరికి చేరుతుంది. అసలైన స్టేషన్‌లో పోయిన వస్తువుల కోసం వ్యోమగాములు ముందు చూసేది అక్కడే. హంతకుడు విసిరేసిన గుండీ కూడా ఒకరోజు అక్కడికే వస్తుంది.

నీరు కూడా సాక్షే. చెమట, మూత్రం, ఊపిరిలోని తేమ అన్నీ శుద్ధి అయి మళ్లీ తాగేనీరు అవుతాయి. ఈ తిరిగి వాడుకునే వాటా 98 శాతానికి చేరిందని నాసా 2023లో ప్రకటించింది. అలాంటి చోట విషం పెడితే దాని ఆనవాలు ఆరుగురి గ్లాసుల్లోకీ వస్తుంది, పెట్టినవాడి గ్లాసులోకి కూడా. ఈ వివరం వాడుకున్న నవల ఇంకా కనిపించలేదు. వాడుకుంటే మాత్రం అదొక్కటే ఒక పుస్తకం.

నేరం జరిగినప్పుడు తాను వేరే చోట ఉన్నానని చూపించుకునే అలీబీ సంగతికొస్తే, స్టేషన్ గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో సుమారు 92 నిమిషాలకోసారి భూమిని చుట్టివస్తుంది. రోజుకు 16 సార్లు తెల్లారుతుంది. "సూర్యోదయం అప్పుడు చూశా" అన్న సాక్ష్యానికి అక్కడ విలువ లేదు.

టెలిపాత్ మనుషుల మధ్య ఎలా బతుకుతాడన్నది నవలలు తరచుగా తేలిగ్గా వదిలేసే భాగం. బెస్టర్ వాళ్లకొక సంఘం పెట్టి కట్టుబాట్లు రాశాడు. 1990లలో వచ్చిన 'బాబిలాన్ 5' టీవీ సీరియల్ ఇంకాస్త ముందుకెళ్లింది. పేరే స్టేషన్ పేరు. అందులో టెలిపాత్‌లు ఒక సంస్థ అదుపులో ఉంటారు. బ్యాడ్జి పెట్టుకోవాలి, చేతికి గ్లవ్స్ వేసుకోవాలి. సంస్థలో చేరనంటే శక్తిని అణిచే మందైనా తీసుకోవాలి, జైలుకైనా పోవాలి. ఆ సంస్థ తరఫున వేటాడే పోలీసు పాత్రకు బెస్టర్ అనే పేరు పెట్టడం పాత రచయితకు దండం పెట్టినట్టు.

మనసు చదివేవాళ్లంటే భయం మనకు కొత్త కాదు. కోయదొర వీధిలోకి వచ్చి "మీ మనసులో ఒక మాటుంది" అంటే నవ్వుతూ చెయ్యి చాపుతారు. అదే ఊళ్లో ఒక ముసలామె చూపు మంచిది కాదన్న మాట పుడితే నవ్వు ఉండదు. బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన కేసులు ఉత్తర తెలంగాణ పోలీసు రికార్డుల్లో ఉన్నాయి. చనిపోయింది ఎక్కువగా దిక్కులేనివాళ్లు, ఒంటరివాళ్లు. ఇతరుల మనసులోకి తొంగిచూస్తుందన్న అనుమానమే ఒక మనిషిని చంపగలిగితే, నిజంగానే చూడగల మనిషిని ఆరుగురున్న డబ్బాలో పెట్టి తాళం వేస్తే ఏమవుతుంది? ఇలాంటి నవలలో మొదటి శవం టెలిపాత్‌దే కావాలి. ఎందుకంటే, ఆరుగురికీ ఉద్దేశం ఉంది.

తెలుగు డిటెక్టివ్ నవల ఈ దారిలో అంతగా నడవలేదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, మధుబాబు సృష్టించిన షాడో తరతరాల పాఠకుల్ని బస్సుల్లో, రైళ్లలో కూర్చోబెట్టి చదివించారు. కాజీపేటలో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగేలోపు పూర్తికావాల్సిన పుస్తకంలో కార్బన్ డయాక్సైడ్ లెక్కలకు చోటు తక్కువే. వేగం కావాలి, మారువేషం కావాలి, చివర్లో ఫైటింగ్ కావాలి. అది తప్పేమీ కాదు. కానీ మనసు చదివే డిటెక్టివ్‌కు వేగం శత్రువు. అతను పరిగెత్తి పట్టుకోవాల్సింది ఎవరూ లేరు. తనకు ముందే తెలిసినదాన్ని తెలియనివాళ్ల ముందు నిలబెట్టడానికి ఓపిగ్గా తిరగడమే అతని పని. మన పాఠకులకు ఆ ఓపిక లేదనడం అన్యాయం. కోర్టు వాయిదాల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగే జనానికి ఇది పరిచయమైన వ్యవహారమే.

అసలు కేసు ఏ దేశానిది అన్న ప్రశ్న మిగిలింది. నవలలు దీన్ని దాదాపుగా పట్టించుకోవు, స్టేషన్‌లోనే ఒక సెక్యూరిటీ అధికారిని పెట్టి ఊరుకుంటాయి. 1967 అంతరిక్ష ఒప్పందం 8వ అధికరణ ప్రకారం, నౌక ఏ దేశంలో రిజిస్టర్ అయితే అధికారం ఆ దేశానిది. అంతర్జాతీయ స్టేషన్ కోసం 1998లో 15 దేశాలు చేసుకున్న ఒప్పందం నేరాల విషయంలో నిందితుడి పౌరసత్వాన్ని చూస్తుంది. అందులో ఇండియా లేదు. 2025లో శుభాంశు శుక్లా ఆ స్టేషన్‌కు వెళ్లొచ్చిన తొలి భారతీయుడయ్యాడు. 2035 నాటికి సొంతంగా భారతీయ అంతరిక్ష స్టేషన్ నిలపాలన్నది ప్రభుత్వ లక్ష్యం. భారతీయ న్యాయ సంహిత 1(5) సెక్షన్ భారత పౌరుడు ప్రపంచంలో ఎక్కడ నేరం చేసినా వర్తిస్తుంది. విదేశీయుడైతే ఇండియాలో రిజిస్టర్ అయిన ఓడలోనో విమానంలోనో ఉండి చేసిన నేరానికి వర్తిస్తుంది. అంతరిక్ష నౌక అన్న మాట అందులో లేదు. మన స్టేషన్‌కు అతిథిగా వచ్చిన విదేశీయుడే హంతకుడైతే, స్టేషన్ ఓడా, విమానమా అన్న దగ్గరే కేసు సగం నలుగుతుంది.

హంతకుడు భారతీయుడే అనుకుందాం. విదేశంలో జరిగిన నేరాన్ని విచారించాలంటే కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. ఫిర్యాదు మాత్రం జీరో ఎఫ్‌ఐఆర్ కింద ఏ ఠాణాలోనైనా ఇవ్వవచ్చు. చనిపోయినవాడి తల్లిదండ్రులు హనుమకొండలో ఉంటే సుబేదారి ఠాణాకే వెళతారు. ఠాణాలో రాతపని చూసే రైటర్ ఎఫ్‌ఐఆర్ ఫారం తీస్తాడు. పేర్లు, తేదీ, సెక్షన్లు రాయడం కష్టమేమీ కాదు. ఘటనా స్థలం కాలమ్ దగ్గర పెన్ను ఆగుతుంది. అక్కడ ముందు అడిగేది రెండు ముక్కలు: ఠాణా నుంచి ఎంత దూరం, ఏ దిక్కు. దూరం 400 కిలోమీటర్లు అని రాద్దామా అంటే, స్టేషన్ సరిగ్గా హనుమకొండ నెత్తి మీద ఉన్న క్షణానికే ఆ లెక్క సరిపోతుంది. దిక్కు రాసేలోపు మారిపోతుంది.